యాభై నిమిషాల నల్లగట్టు

నల్లగట్టు వాళ్ళకి రాజధాని మీద ఒక్కటే ఫిర్యాదు ఉండేది. అది చాలా దూరం. బస్సెక్కితే తొమ్మిది గంటలు. అప్పీలు వేసుకోవాలన్నా, మంత్రిగారి ఎదుట నిలబడి దండం పెట్టుకోవాలన్నా తొమ్మిది గంటలు కూర్చుని వెళ్ళాలి. పని కాలేదని తెలుసుకున్నాక మళ్ళీ తొమ్మిది గంటలు కూర్చుని రావాలి. దీని మీద నలభై ఏళ్ళుగా ఊరేగింపులు తీశారు, బందులు చేశారు, ఒకసారి కలెక్టరాఫీసు గేటుకు గాడిదను కట్టేసి వచ్చారు. ప్రభుత్వానికి రెండు దారులు కనిపించాయి. ఒకటి, రోడ్డు బాగుచేయడం. రెండోది, రాజధానినే ఇటు జరపడం. మొదటిదానికి డబ్బు లేదు, రెండోదానికి ధైర్యం లేదు. అప్పుడు సామీప్య శాఖ అని ఒక కొత్త శాఖ పుట్టి మూడో దారి కనిపెట్టింది. దూరాన్నే తగ్గించేయడం.

ఊరి బయట వేరుశనగ చేలు చదును చేసి విమానాశ్రయం కట్టారు. ప్రారంభోత్సవానికి మంత్రిగారు విమానంలోనే దిగారు. మెట్లు దిగుతూ చేతిగడియారం చూసుకుని, పూలదండ మెడలో పడకముందే మైకు అందుకున్నారు.

"యాభై నిమిషాలు! సోదర సోదరీమణులారా, నలభై ఏళ్ళ దూరాన్ని మా ప్రభుత్వం యాభై నిమిషాలకు దించింది. ఈ క్షణం నుంచి నల్లగట్టుకూ రాజధానికీ మధ్య దూరం యాభై నిమిషాలు!"

జనం చప్పట్లు కొట్టారు. ఆ జనాన్ని పల్లెపల్లె నుంచి ముప్పై బస్సుల్లో తోలుకొచ్చిన నల్లగట్టు డిపో మేనేజర్ మద్దిలేటి కూడా కొట్టాడు. మద్దిలేటి కండక్టరుగా చేరి, పరీక్షలు రాసి, ఒక్కో మెట్టూ ఎక్కి మేనేజరైన మనిషి. పైవాళ్ళు కొట్టమంటే చప్పట్లు కొట్టడం, ఆపమంటే ఆపడం ఆయన సర్వీసులో ఎప్పుడూ తప్పలేదు. ఆరోజు మాత్రం మనస్ఫూర్తిగానే కొట్టాడు. ఆయన భార్య సుభద్ర నల్లగట్టు హైస్కూల్లో లెక్కల టీచరు. ఇంటికొచ్చి ఈ సంగతి చెబితే ఆవిడ చీర కొంగుతో చేతులు తుడుచుకుంటూ ఒకే ప్రశ్న వేసింది.

"దూరం యాభై నిమిషాలా, విమానానికి యాభై నిమిషాలా?"

"రెండూ ఒకటేలే," అన్నాడు మద్దిలేటి.

రెండూ ఒకటేనని వారం తిరక్కుండా ప్రభుత్వం కూడా ఉత్తర్వు వెలువరించింది. మంత్రిగారి నోటి నుంచి వచ్చిన మాట కాబట్టి దాన్ని మార్చడం ఎవరి తరమూ కాదు. ఉత్తర్వులో మొదటి మూడు పేరాలు మంత్రిగారి దూరదృష్టిని కొనియాడాయి. నాలుగో పేరా ఇలా ఉంది: "ప్రయాణ సాధనముతో నిమిత్తము లేకుండా, సర్వ ప్రభుత్వ విభాగములు సదరు రెండు నగరముల మధ్య దూరమును యాభై నిమిషములుగానే పరిగణించవలెను."

మద్దిలేటి ఉత్తర్వును భక్తిగా చదివి ఫైల్లో పెట్టాడు. నాలుగో పేరా తన కోసమే రాశారని ఆయనకు తట్టలేదు.

పది రోజుల తర్వాత సామీప్య కమిషనర్ చక్రధర్ గారు అన్ని డిపోల మేనేజర్లతో వీడియో సమావేశం పెట్టారు. తెర మీద ఆయన ముఖం, వెనకాల గోడ మీద రాష్ట్ర పటం కనిపించాయి. ఆ పటంలో నల్లగట్టును అప్పటికే రాజధాని పక్కకు జరిపి అచ్చు వేయించారు.

"నల్లగట్టు డిపో! మీ బస్సు ఉదయం ఏడుకు బయలుదేరి సాయంత్రం నాలుగుకు చేరుతున్నట్టు మా దృష్టికి వచ్చింది. ఇది నిజమేనా?"

"నిజమే సార్. రోడ్డు బాగుంటే మూడున్నరకే..."

"ఏడూ యాభైకి చేరాలి కదా?"

మద్దిలేటికి తాను సరిగ్గా విన్నానా అని అనుమానం వచ్చింది. "సార్, అది బస్సు సార్."

"బస్సని మాకూ తెలుసు. నాలుగో పేరా అధ్యయనం చేశారా? సాధనముతో నిమిత్తము లేకుండా. దూరం ఒక విధాన నిర్ణయం మద్దిలేటి గారూ. విధానాన్ని అమలుపరచలేకపోవడం క్షేత్రస్థాయి వైఫల్యం. ఎనిమిది గంటల పది నిమిషాల అనధికార జాప్యానికి రోజూ బాధ్యులను గుర్తించి సంజాయిషీ తీసుకోండి."

బాధ్యుడిని గుర్తించడం కష్టం కాలేదు. బస్సు తోలేది ఓబుళపతి. ఇరవై ఏళ్ళుగా అదే దారిలో తోలుతున్నాడు. కండక్టరు రమీజా. ఇద్దరికీ మెమోలు ఇవ్వబోతే ఓబుళపతి ఆ కాగితాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు.

"ఏంది సార్ ఇది? యాభై నిమిషాల్లో పోవాలంటే ఎగరాల నేను."

"ఎగరమని రాయలేదు ఓబుళపతీ. ఆలస్యానికి కారణం రాయమన్నారు. అంతే."

"ఏం రాయమంటావు?"

"నీకు తోచింది రాయి."

ఓబుళపతి రమీజా దగ్గర పెన్ను తీసుకుని నిలబడే రాశాడు: "మధ్యలో రోడ్డు ఉండినందువల్ల ఆలస్యమైనది." మద్దిలేటి దాన్ని అలాగే పైకి పంపాడు. మూడో రోజున జవాబు వచ్చింది. కారణం సంతృప్తికరంగా లేదు, రోడ్డు ప్రతిరోజూ ఉన్నట్టు పాత సంజాయిషీల్లోనూ కనబడుచున్నది, ఇదొక అలవాటుగా మారినట్టు తోచుచున్నది.

రెండు నెలలు ఇలా గడిచాయి. మిగతా డిపోల మేనేజర్లు మద్దిలేటికి ఫోన్ చేసి మందలించారు. "ఏమబ్బా, చేరిన టైము దగ్గర ఏడూ యాభై అని రాసెయ్యరాదా? బస్సు ఎప్పుడో ఒకప్పుడు చేరుతుంది గదా." మద్దిలేటి మొదట ఒప్పుకోలేదు. ఓబుళపతికి ఇంక్రిమెంటు ఆపుతామని పైనుంచి హెచ్చరిక వచ్చాక, సరే, వాళ్ళ మేలు కోసమే కదా అని ఏడూ యాభై అని రాశాడు. మర్నాడు మెమో రాలేదు. ఆ మరుసటి రోజూ రాలేదు. ఏడాది చివర్లో నల్లగట్టు డిపోకు సమయపాలనలో ప్రథమ బహుమతి కింద షీల్డు వచ్చింది.

షీల్డు వెనకే కమిషనర్ గారి ఫోన్ వచ్చింది. "అభినందనలు. అయితే ఒక సందేహం. యాభై నిమిషాల్లో చేరుతున్న బస్సు రోజుకు ఒక్క ట్రిప్పుతో ఎందుకు సరిపెడుతోంది? కనీసం ఎనిమిది ట్రిప్పులు వేయాలి."

మద్దిలేటి ఎనిమిది ట్రిప్పులు అని రాశాడు. ఒక్క బస్సే ఎనిమిది ట్రిప్పులు వేస్తోంది కనుక రాజధానికి నడిచే మిగతా మూడు బస్సులూ మిగులు కింద లెక్కకొచ్చాయి. ఒక శుక్రవారం వాటిని వేరే జిల్లాకు తోలుకుపోయారు. అప్పటి నుంచి ఉన్న ఒక్క బస్సులో జనం ఒకరి మీద ఒకరు ఎక్కి వెళ్ళసాగారు.

"మీరు మంచికే రాశారులెండి," అంది సుభద్ర, అన్నం వడ్డిస్తూ. "ఇంకొంచెం మంచి చేస్తే ఆ ఒక్క బస్సు కూడా పోతుంది."

ఈలోగా విమానం సంగతి ఇంకోలా ఉంది. మొదట రోజూ వచ్చింది. తర్వాత వారానికి మూడుసార్లు, ఆ తర్వాత ఒక్కసారి. నల్లగట్టులో విమానం ఎక్కగలిగిన వాళ్ళందరూ అప్పటికే ఒకసారి ఎక్కి ఫొటోలు దిగేశారు. ఆఖరికి ఒకరోజు వచ్చిన విమానం రన్‌వే మీద మేకల మందను చూసి దిగకుండానే వెనక్కి తిరిగి వెళ్ళిపోయింది, మళ్ళీ రాలేదు. విమానాశ్రయంలో ఒక కాపలాదారు, చల్లటి పెద్ద హాలు, స్టీలు కుర్చీలు మిగిలాయి.

మద్దిలేటికి కాస్త ఆశ పుట్టింది. ధైర్యం చేసి కమిషనర్ గారికి ఫోన్ కలిపాడు.

"సార్, విమానం ఆగిపోయింది కదా. మరి దూరం...?"

"విమానం ఆగితే దూరం ఎందుకు ఆగుతుంది?" కమిషనర్ గారు నిజంగానే ఆశ్చర్యపోయారు. "విమానం కేవలం నిదర్శనం. ఒకసారి నిరూపితమైన దూరాన్ని మళ్ళీ పెంచడం అభివృద్ధిని వెనక్కి నడిపించడమే అవుతుంది. అయినా సర్వీసు రద్దు కాలేదు, వాయిదా పడింది. పదాలు జాగ్రత్తగా వాడండి."

తగ్గిన దూరం తన పని తాను చేసుకుపోయింది. రోడ్డు పక్కన కిలోమీటరు రాళ్ళు తీసేసి నిమిషాల రాళ్ళు పాతారు. సగం దారిలో గుండ్లవంక దగ్గర రాయి మీద "రాజధాని 24 ని." అని రాశారు. బస్సు అక్కడ ఆగినప్పుడు టీ తాగే వాళ్ళు ఆ రాయి చూసి నవ్వుకునేవారు, తర్వాత నాలుగు గంటలు నవ్వకుండా కూర్చునేవారు. యాభై నిమిషాల దూరంలో పెద్ద కోర్టు ఉండగా ఇక్కడ ఇంకో కోర్టు దుబారా అని జిల్లా కోర్టు నుంచి రెండు బెంచీలు ఎత్తేశారు. చివరికి పెద్దాసుపత్రి వంతు వచ్చింది. కష్టమైన కాన్పులకు గంట లోపు ఆపరేషన్ జరిగే చోటు అందుబాటులో ఉండాలని వైద్యశాఖ నియమం. రాజధాని గంట లోపే ఉంది. అందువల్ల నల్లగట్టు ప్రసూతి వార్డులో ఆపరేషన్ గదికి తాళం వేసి, ఉన్న ఒక్క డాక్టరమ్మ వైదేహిని రాజధానికి బదిలీ చేశారు. అక్కడ ఆవిడకు గది లేక వరండాలో కుర్చీ వేశారు.

ఇది జరిగిన నెలకి, ఊరి చివర ఇటుకల బట్టీలో పనిచేసే సుంకన్న, నిండు నెలల భార్య అంజినమ్మను పెద్దాసుపత్రికి తీసుకొచ్చాడు. బిడ్డ ఎదురుకాళ్ళతో ఉంది, ఆపరేషన్ చేయాల్సి రావచ్చు, ఇక్కడ డాక్టరు లేరు అని నర్సు చెప్పింది. అంబులెన్సు ఉంది. కానీ రాజధానికి యాభై నిమిషాలకు సరిపడా డీజిల్ మాత్రమే పోస్తారు. అది అయిపోయే చోట ఊరూ లేదు, చెట్టూ లేదు. ఇప్పటికి ఇద్దరిని అలా నడిదారిలో దించాల్సి వచ్చిందని చెబుతూ డ్రైవరు తల దించుకున్నాడు. సుంకన్న పెళ్ళాన్నీ, అత్త ఈరమ్మనూ వెంటబెట్టుకుని ఉదయం ఏడు గంటల బస్సెక్కాడు.

మధ్యాహ్నం పన్నెండు దాటాక మద్దిలేటి ఫోన్ మోగింది. అవతల రమీజా.

"సార్, బస్సులో కాన్పయింది సార్. గుండ్లవంక కాడ. మొగబిడ్డ. బిడ్డ బాగుండాడు గానీ ఆ తల్లికి రగతం ఆగడంల్యా. ఓబుళపతన్న దారి మళ్ళిచ్చినాడు, పక్కన చిన్న నర్సింగ్ హోం ఉంటే ఆడికి పోతాండాం. రూటు తప్పినామని మళ్ళ మెమో ఇచ్చేరు. ముందే చెప్తాండా."

"మెమో గొడవ నాకొదిలెయ్," అన్నాడు మద్దిలేటి. సాయంత్రానికి అంజినమ్మకు గండం గడిచిందని తెలిసింది. ఆ రాత్రి ఆయన అన్నం ముందు కూర్చుని కలుపుతూనే ఉండిపోయాడు. సుభద్ర ఆ రోజు ఏమీ అనలేదు. ఆవిడ ఏదైనా అంటే బాగుండుననిపించింది ఆయనకు.

ఇరవై రోజుల తర్వాత సుంకన్న డిపోకు వచ్చాడు. వెంట అంజినమ్మ, ఆమె ఒళ్ళో బిడ్డ. పుట్టిన సర్టిఫికెట్ కోసం గుండ్లవంక పంచాయతీకి వెళ్ళారట. అక్కడి కార్యదర్శి బస్సు పట్టిక తీసి చూశాడట.

"ఏమన్నాడు?"

"ఆ బస్సు మా ఊరు దాటేది ఏడూ ఇరవయ్యారుకంట సార్. ఏడూ యాభైకే రాజధానిలో నిలబడిందంట. ఆడ నిలబడిన బస్సు పన్నెండు గంటలకు గుండ్లవంకలో ఎట్ల ఉంటాది, దాంట్లో మీ వాడు ఎట్ల పుడతాడు అంటాండాడు. బస్సు ఆ టయానికి ఆడుందని డిపోవాళ్ళ కాడ కాగితం తెమ్మన్నాడు."

మద్దిలేటి బిడ్డ వైపు చూశాడు. వాడు తాను లేనని ప్రభుత్వం అంటున్న సంగతి తెలియక పిడికిలి చప్పరిస్తున్నాడు. కాగితం ఇవ్వడమంటే, ఏడాదిగా తాను పంపిన లెక్కలన్నీ అబద్ధమని సంతకం పెట్టి ఇవ్వడమే. షీల్డు వెనక్కి పోతుంది. ప్రమోషన్ పోతుంది. ఉద్యోగమే పోవచ్చు.

"నీళ్ళేమన్నా తాగుతావా అమ్మా?" అని అడిగాడు. అంజినమ్మ తల ఊపింది. ఆమె నీళ్ళు తాగేలోపు ఆయన కాగితం రాసేశాడు. ఆ రోజు పన్నెండు గంటలకు బస్సు గుండ్లవంకలోనే ఉన్నదనీ, ఏ రోజూ అది రాజధానికి సాయంత్రం నాలుగు లోపు చేరలేదనీ, తాను రాసినవన్నీ తప్పులనీ. ఒక నకలు కమిషనర్ గారికి పంపాడు. ఇంటికెళ్ళి చెబితే సుభద్ర ఆయన ముఖం వైపు కాసేపు చూసి, "పాయసం చేస్తాను," అంది.

విచారణ సంఘం వచ్చింది. కమిషనర్ చక్రధర్ గారూ, ఇద్దరు సభ్యులూ కారులో తొమ్మిది గంటలు కూర్చుని వచ్చి దిగారు. కమిషనర్ గారు ఒక చేత్తో నడుం పట్టుకుని, ఇంకో చేత్తో కారు తలుపు పట్టుకుని నిలబడ్డారు.

"ప్రయాణం ఎలా జరిగింది సార్?" అడిగాడు మద్దిలేటి.

"యాభై నిమిషాలు," అన్నారు కమిషనర్ గారు పళ్ళ బిగువున. "కాస్త ఎక్కువసేపు అనిపించింది. అది ఆత్మాశ్రయం."

డ్రైవర్ల విశ్రాంతి గదిలో మంచాలు పక్కకు తోసి బల్ల వేశారు. రమీజా, ఓబుళపతి, సుంకన్న, అంజినమ్మ ఒక వరసలో నిలబడ్డారు. సభ్యుల్లో ఒకాయన బల్ల మీద గడియారం పెట్టుకుని మొదలుపెట్టాడు.

"శిశువు ప్రయాణ మధ్యమున జన్మించెను. ఇది నిర్వివాదాంశము. ప్రయాణము యాభై నిమిషములు. ఇది ప్రభుత్వ విధానము. కాబట్టి శిశువు యాభై నిమిషముల ప్రయాణ మధ్యమున జన్మించెను."

"సరిగ్గా చెప్పారు," అన్నారు కమిషనర్ గారు. "ఇప్పుడు, నల్లగట్టు నుంచి రాజధానికి యాభై నిమిషాల్లో వెళ్ళగలిగిన వాహనం ఏది?"

ఆయనే జవాబు చెప్పారు. "విమానం. అందుచేత ఈ బిడ్డ విమానంలో పుట్టాడు."

కమిషనర్ గారి ముఖం క్రమక్రమంగా వెలిగిపోయింది. "అంటే రాష్ట్రంలో ఆకాశంలో పుట్టిన మొట్టమొదటి బిడ్డ! ఇది మంత్రిగారికి వెంటనే తెలియజేయాలి."

"సార్," అన్నాడు మద్దిలేటి, "ఆ రోజు విమానం లేదు సార్."

"వాయిదాలో ఉంది. లేకపోవడం వేరు, వాయిదాలో ఉండడం వేరు."

అప్పుడు అంజినమ్మ ఒక అడుగు ముందుకు వేసింది. "సార్, బిడ్డను నేను కన్నానా, మీరు కన్నారా? బస్సులో నాలుగో సీటు కమ్మీ పట్టుకొని కన్న్యా. ఈ రమీజక్క చున్నీలో పట్టుకున్యాది. విమానమంటే నేను ఇంతవరకు దగ్గరగా చూసిందే లేదు."

"అమ్మా, నొప్పుల్లో ఉన్న మనిషి వాహనాన్ని సరిగా గుర్తించలేకపోవడం సహజం," అన్నారు కమిషనర్ గారు మెత్తగా. తర్వాత మద్దిలేటి వైపు తిరిగారు. "మీ ముందు రెండు మార్గాలున్నాయి. మీ లేఖ నిజమైతే బస్సు ఆలస్యం నిజం, మీ లెక్కలు అబద్ధం, మీరూ ఈ డ్రైవరూ కండక్టరూ ఇంటికి. బిడ్డ పుట్టుక మాత్రం ఉత్తర్వుకు విరుద్ధం కాబట్టి అప్పటికీ నమోదు కాదు. అలా కాక ఆ రోజు వీళ్ళు విమానంలో ప్రయాణించారని సంతకం పెడితే బిడ్డకు ఇవాళే సర్టిఫికెట్."

మద్దిలేటి చెయ్యి కదల్లేదు. ఇంతకాలం ఏది పెట్టమంటే దాని మీద సంతకం పెట్టిన చెయ్యి అది. అంజినమ్మే అంది, "పెట్టు సార్. బిడ్డ యాడ పుట్టినాడో నాకు తెలుసు, మా యమ్మకు తెలుసు. వీళ్ళకు తెలియకపోతే వానికేమి నష్టం? రేపు బళ్ళో చేర్చుకోవాల గదా."

ఆయన సంతకం పెట్టాడు. పెట్టిన చోట సిరా అలుక్కుపోయింది.

పక్షం రోజుల్లో విమానాశ్రయం ముందు షామియానా వేశారు. మంత్రిగారు ప్రత్యేక విమానంలో వచ్చారు. బిడ్డకు గగనకుమార్ అని వేదిక మీదే పేరు పెట్టేశారు. జీవితాంతం ఉచితంగా విమానం ఎక్కేందుకు అట్టముక్కంత పాసు బహూకరించారు. అంజినమ్మ మెడలో దండ వేసి మైకు ఆమె నోటి దగ్గర పెట్టారు.

"చెప్పమ్మా, విమానంలో పురుడు ఎలా జరిగింది?"

అంజినమ్మ జనం వైపు చూసింది. జనంలో ఆమె వదిన ఉంది, ఎనిమిదో నెల. బట్టీలో పనిచేసే ఇంకో నలుగురున్నారు, నెలలు నిండిన వాళ్ళే. ఆపరేషన్ గదికి తాళం పడ్డాక ఎవరికి ఏ రాత్రి ఏమవుతుందోనని గుండె చేతిలో పెట్టుకుని తిరుగుతున్న వాళ్ళు.

"చానా బాగా జరిగింది సార్," అంది అంజినమ్మ. "డాక్టరమ్మ కంటే విమానమే మేలనిపిచ్చింది. ఒక మాట అడగాల. మా వదినకు గూడా నెల దగ్గరపడింది. మా వీధిలో ఇంగా శానామంది ఉండారు. వాళ్ళనంతా ఈడికే పిల్చుకొస్తాం. విమానంలో మాకు పురుళ్ళు పోస్తారు గదా?"

జనం చప్పట్లతో షామియానా లేచిపోయేట్టు చేశారు. చప్పట్లు వినగానే మంత్రిగారికి అలవాటు కొద్దీ చెయ్యి పైకి లేచింది. "తప్పకుండా! ఈ ప్రభుత్వం మీది!"

మర్నాడు తెల్లారేసరికి విమానాశ్రయం హాల్లో పదకొండు మంది గర్భిణులున్నారు. సాయంత్రానికి పందొమ్మిది మంది అయ్యారు. తల్లులు, అత్తలు, బట్టల మూటలు, బిందెలు. స్టీలు కుర్చీల మీద దుప్పట్లు పరిచారు. కాపలాదారు ఏం చేయాలో తెలియక చల్లగాలి యంత్రం వేశాడు. విమానాశ్రయంలో వేరే అధికారి ఎవరూ మిగల్లేదు కాబట్టి, బస్సయినా విమానమైనా ప్రయాణమే కదా అని ఆ బాధ్యత కూడా మద్దిలేటికే అప్పగించి ఉన్నారు. ఆయన వెళ్ళి చూసి, హాలు మధ్యలో నిలబడి కమిషనర్ గారికి ఫోన్ చేశాడు.

"వాళ్ళను పంపించెయ్యండి," అన్నారు కమిషనర్ గారు.

"ఏమని చెప్పి పంపాలి సార్? విమానం లేదని రాతపూర్వకంగా ఇస్తే చూపిస్తాను."

"విమానం లేదని ఎవరూ అనకూడదు. ఆలస్యంగా వస్తుందని చెప్పండి."

"చెప్పాను సార్. కూర్చుంటామన్నారు. అందులో ఇద్దరికి నొప్పులు మొదలయ్యాయి. వేచి ఉన్న ప్రయాణికులకు ఏదైనా జరిగితే, ఆకాశంలో పుట్టే పిల్లలకు మంత్రిగారు హామీ ఇచ్చి వెళ్ళిన చోటే జరిగిందని పత్రికలవాళ్ళు..."

"ఏం చేయమంటారు?"

మద్దిలేటికి అంతవరకూ తన దగ్గర జవాబు ఉందని తెలియదు. నోటి నుంచి మాత్రం తడుముకోకుండా వచ్చింది. ముప్పై ఏళ్ళుగా చదివిన ఉత్తర్వులన్నీ ఒక్కసారి ఒంట్లోకి వచ్చినట్టయింది. "విమానారోహణ పూర్వ ప్రసూతి సదుపాయము సార్. విమానం వచ్చేదాకా తాత్కాలికంగా. ఒక డాక్టరు, ఇద్దరు నర్సులు, ఆపరేషన్ బల్ల. పెద్దాసుపత్రిలో తాళం వేసిన గదిలో సామాను ఎలాగూ ఖాళీగా ఉంది. ఇది ఆసుపత్రి కాదు కాబట్టి పాత ఉత్తర్వుకు విరుద్ధం కాదు. విమానయాన సేవలో భాగం."

"సేవలో భాగం," కమిషనర్ గారు ఆ మాటను రుచి చూసినట్టు పలికారు. "తాత్కాలికం అని స్పష్టంగా రాయండి. విమానం వచ్చేదాకా."

"విమానం వచ్చేదాకా సార్," అన్నాడు మద్దిలేటి.

డాక్టర్ వైదేహి రాజధాని వరండాలో కుర్చీ వదిలేసి, ఓబుళపతి బస్సులో తొమ్మిది గంటలు ప్రయాణం చేసి దిగింది. నొప్పులు మొదలైన ఇద్దరికీ పెద్దాసుపత్రి నర్సులు అప్పటికే పురుడు పోశారు. ఆమె హాలును కళ్ళతో కొలిచి, సామాన్లు తనిఖీ చేసే గది బాగుంది, అదే ఆపరేషన్ గది అంది. మూడు రోజుల్లో అక్కడ నాలుగు కాన్పులయ్యాయి. అంజినమ్మ వదినకు కవలలు. అందరి సర్టిఫికెట్లలోనూ పుట్టిన చోటు దగ్గర "ఆకాశము" అని రాశారు. చుట్టుపక్కల తాలూకాల నుంచి కూడా రావడం మొదలైంది. రమీజా బస్సులో ఎక్కిన నిండు చూలాళ్ళను చూసి టిక్కెట్టు కొడుతూ, "యాడికి తల్లీ, ఆకాశానికేనా?" అని అడిగేది. మద్దిలేటి రోజూ సాయంత్రం హాలుకు వెళ్ళి, నీళ్ళ ట్యాంకు నిండిందో లేదో తానే చూసుకుని ఇంటికి వచ్చేవాడు. సుభద్ర పాత చీరలు చింపి పొత్తిగుడ్డలు కుట్టి ఇచ్చేది.

ఆర్నెల్లయ్యాక సామీప్య శాఖ లెక్కలు తీసింది. నల్లగట్టు విమానం ఎక్కిన వాళ్ళు రెండొందల పద్నాలుగు మంది, దిగిన వాళ్ళు నాలుగొందల ముప్పై ఒక్కరు. ఎక్కిన వాళ్ళ కంటే దిగిన వాళ్ళు ఎక్కువగా ఉన్న విమాన సర్వీసు దేశంలో ఇదొక్కటే అని నివేదిక పొంగిపోయింది. ఈ అపూర్వ ప్రజాదరణ దృష్ట్యా పథకాన్ని విస్తరించాలని మంత్రివర్గం తీర్మానించింది. రాష్ట్రానికి ఇంకో అంచున ఉన్న పెద్దవంకకు కూడా దూరం నిర్ణయించారు. ముప్పై ఐదు నిమిషాలు. అక్కడి ఆసుపత్రిలో ప్రసూతి వార్డును నెలాఖరుకు మూసివేయవలెను. అనుభవం ఉన్న అధికారిగా మద్దిలేటిని పెద్దవంకకు బదిలీ చేయడమైనది.

ఉత్తర్వు వచ్చిన రోజు మద్దిలేటి దాన్ని నాలుగో పేరా దాకా చదివాడు. సుభద్ర ఆయన భుజం మీదుగా చదివింది. కాసేపటికి ఆయన లేచి పెద్దవంక విమానాశ్రయానికి ఫోన్ చేశాడు. ఇంకా సగమే కట్టిన ఆ భవనంలో కాపలాదారు ఒక్కడే ఉన్నాడు. కొత్త మేనేజరు గారు విమానాల టైములు అడుగుతారేమోనని వాడు కంగారుగా, "సార్, మాకింకా ఏమీ చెప్పలేదు సార్," అన్నాడు.

"అది సరేలే నాయనా," అన్నాడు మద్దిలేటి. "ఆ హాలు ఎంత పొడుగుంటుంది? ఎన్ని మంచాలు పడతాయి?"